హరిలాల్ మోసిన కంచరగాడిద

మూడు రోజుల సంది ముసురు వదుల్తలేదు. కేసముద్రం మార్కెట్ యార్డుల మక్కల కుప్పలన్నీ టార్పాలిన్ పట్టాల కింద దాసుకున్నయి. కాంటా ఆగింది, తూకం లేదు. తేమ ఎక్కువున్నదని ఒకసారి, హమాలీలు రాలేదని ఒకసారి, ఎందుకాగిందో చెప్పెటోడే లేక ఒకసారి ఆగింది. కుప్పల కాడ కూసొని కూసొని నడుములు పట్టుకపోయినోళ్లు ఒక్కొక్కరే లేచి గేటు పక్కనున్న మణెమ్మ ఛాయ్ డబ్బా కింద చేరిన్రు. అక్కడ రేకు కారుతది గని, పొయ్యి ఉన్నది.

బెంచీ మీద హరిలాల్ ఉన్నడు. యార్డు గేటుకు ఆయనే వాచ్‌మన్. గూడూరు అవతల అడివి అంచుకున్న తండా ఆయనది. పదిహేడేండ్లు మిల్ట్రీల చేసి వచ్చిండు. డ్యూటీ దిగి రెండు గంటలయింది, అయినా ఇంటికి పోలే. కండ్లు ఎర్రగున్నయి. మోకాలు గుంజుతాందని కాలు బారజాపి కూసున్నడు. ఇంత అలసిపోయినా నోరు మాత్రం ఆగది. ఆయన కోతలు యార్డుల అందరికి ఎర్కే. ఎర్కుండే వింటరు. ముసుర్ల వేరే పనేమున్నది?

బెంచీ కొసకు ఆయన అక్క గంగి కూసున్నది. ఆమె సుత మక్కలు తెచ్చింది. కొంగు తలమీదికి గుంజుకొని, గోడకు ఒరిగి, కండ్లు మూసుకున్నది.

నెల్లికుదురు నుంచి వచ్చిన పాపయ్య ఛాయ్ గ్లాసు చేతుల పట్టుకొని చాలాసేపు తాగలే. ఆఖరికి అన్నడు.

“హరిలాలన్నా, నువ్వు మిల్ట్రీల ఉన్నోనివి. ఒక్క మాట అడుగుత. నవ్వులాటకు అడుగుతలే.”

“అడుగు పాపయ్యన్నా.”

“మా సురేష్‌కు ఇరవై ఏండ్లు. ఇంటర్ తప్పిండు. తప్పితె తప్పిండు, ఊకుండొచ్చు గద. దోస్తులు, తాగుడు. పదిహేను రోజుల కింద ఒక పెండ్లి బరాత్‌ల ఒగనికి కుర్చీతోని తల పగలగొట్టిండు. ఠాణాల రెండు రోజులు కూసొని ఇడిపిచ్చుకొచ్చిన. పోయిన వారం బండి తాళాలు ఇయ్యలేదని వాళ్లమ్మను నూకిండు. దర్వాజకు తాకి ఎస్తేరు నుదురు పగిలింది. నాలుగు కుట్లు పడ్డయి. ఇప్పుడు ఆర్మీ భర్తీ పడ్డదంట. పోత అంటున్నడు. పంపాల్నా, వద్దా? పోతె మారుతడా అన్నా?”

ట్రాక్టర్ నడిపే శామ్యూల్ పక్కకెల్లి తల ఊపిండు. “పోయి పోయి ఎవలను అడిగినవ్ పాపయ్యన్నా. ఇగ కాంటా పడేదాంక మనకు తెల్లారినట్టే.”

“నువ్వు ఊకో శామ్యూల్,” అన్నడు హరిలాల్. మోకాలు మీద చెయ్యేసి రుద్దుకున్నడు. ఒక్క ఊపిరి తీసిండు. ఇగ మొదలువెట్టిండు.

“మారుతడా అని అడుగుతున్నవా? నన్ను సూడు. నీ కొడుకు ఏం చేసిండే? ఒక తల పగలగొట్టిండు. నేను పందొమ్మిదేండ్లకే గూడూరు చుట్టుముట్టు బాయిల కాడ మోటర్ వైర్లు ఒక్కటి ఉంచలే. కోసుడు, కాల్చుడు, రాగి తీసి అమ్ముడు, గుడుంబా తాగుడు. మా తండాల కుక్కలు సుత నన్ను సూస్తె మొరగకపోయేటివి, ఎందుకు లొల్లి అని పక్కకు జరిగేటివి. మా నాయిన బీక్యా కట్టె పట్టుకొని నన్ను కొట్టని రోజు లేదు. ఒకనాడు హన్మకొండల భర్తీ ఉన్నదంటె లారీ ఎక్కి పోయిన. సిపాయి కావాల్నని కాదు, ఊళ్లె నాకోసం తిరుగుతున్నోళ్ల నుంచి తప్పించుకోవాల్నని. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?”

“చెప్పు,” అన్నది మణెమ్మ, పాలు కలుపుకుంట.

“ఉరుకుడు పెట్టిన్రు. నాలుగు చుట్లు, పదహారొందల మీటర్లు. అందరికి బూట్లు, నాకు ఒట్టి కాళ్లు. సార్ సీటీ కొట్టిండు. నేను ఉరికిన. మొదటి చుట్టు తిరిగి వచ్చేసరికి మిగిలినోళ్లు ఇంక గీత కాడ్నే ఉన్నరు. సార్ పరేషాన్! ఈ పోరడు అందరికంటె ముందున్నడా, ఎనుకున్నడా? గడియారం చెవికి పెట్టుకొని ఊపిండు. ఆగిపోయిందేమో అనుకున్నడు. ఇంకో గడియారం తెప్పిచ్చిండు. అది సుత గంతే. ఇగ ఇట్ల కాదని జీబ్ తెప్పిచ్చిండు. జీబ్ నా పొంటి ఉరికింది. మూడో చుట్టుకు జీబ్‌ల నుంచి పొగొచ్చి ఆగిపాయె. నేనేం చేసిన? ఎనుకకు పోయి జీబును నూకిన. సార్ లోపల కూసునే ఉన్నడు. జీబును నూకుకుంటనే ఫస్టొచ్చిన.”

శామ్యూల్ అన్నడు, “జీబ్ సెకండ్ వచ్చిందా సార్?”

“జీబ్‌ను లెక్కల పట్టలే. దానికి ఇంటర్ సర్టిఫికెట్ లేదు.”

ఇద్దరు ముగ్గురు నవ్విన్రు. నవ్వుడు సుత అలసిపోయిన నవ్వే. ఒగాయన ఆవులించి ఛాయ్ చెప్పిండు. ముసురు కొంచెం గట్టిగైంది. పాపయ్య మాత్రం నవ్వలే. ముందుకు వంగి వింటున్నడు.

“ఇగ టేనింగ్ అయిపోయినంక నన్ను మంచు కొండలల్ల ఏసిన్రు. మంచంటె మన ఐస్‌క్రీం బండ్ల ఉండే మంచు కాదు. గాడ ఛాయ్ పోస్తె గ్లాసుల పడేలోపల గడ్డ కట్టేది. గాడ ఛాయ్ తాగుడు లేదు, కొరుకుడే. ఒక ముక్క జేబుల ఏసుకొని రెండు రోజులు నమిలేది. ఒకనాడు ఊకనే తుమ్మిన. మీసం మొత్తం ఊడి అరచేతుల పడ్డది, ముక్కలు ముక్కలు. గప్పటి సంది సక్కగ మొలుస్తలేదు, సూడున్రి.”

“అది నేనెప్పటి నుంచో అడుగుదామనుకుంటున్న,” అన్నడు శామ్యూల్.

“సామాను కొండ మీదికి ఎట్ల పోతది? తొవ్వ లేదు, బండి పోదు. కంచరగాడిదల మీద పోతది. ఖచ్చర్ అంటరు వాళ్లు. నాకొక ఖచ్చర్ ఇచ్చిన్రు, పేరు చంపా. మనిషికంటె తెలివి. నా మాట తప్ప ఎవ్వలి మాట వినది. ఒకనాడు పైన కాపలా చౌకీల గుండ్లు అయిపోయినయి, పొద్దుగూకేలోపల మందుగుండు చేరాలె అన్నరు. ఎవ్వడు ముందుకు రాలే. నేను పోత అన్న. చంపా మీద నాలుగు పెట్టెలు, రెండు కిరోసిన్ డబ్బాలు, బియ్యం బస్తా. బయలెల్లినం. ఎంత మీదికంటె, మబ్బులు కింద పడి ఉంటయి, బూటుతోని పక్కకు జరిపి అడుగెయ్యాలె. సగం కొండ ఎక్కినంక చంపా ఆగింది. ఇగ నడువ. కాళ్లు వణుకుతున్నయి పాపం. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?”

“నువ్వు దాన్ని మోసినవ్,” అన్నది మణెమ్మ. ఈ ముచ్చట ఆమె ఏడుసార్లు విన్నది.

“మోసిన! సామాను దించలే. సామానుతోని సహా భుజం మీదికి ఎత్తుకున్న. పదకొండు కిలోమీటర్లు. సగం దూరం పోయినంక గుర్రు ఇనవడ్డది. ఎవడ్రా అని సూస్తె, చంపా నా భుజం మీదనే పండుకున్నది. ఇగ దాని నిద్ర ఎందుకు చెడగొట్టుడని అడుగులు మెల్లగ ఏసుకుంట పోయిన.”

“ఎగశ్వాస రాలేదా సార్?”

“వచ్చింది గని, బయటికి ఇడువలే. చప్పుడైతె అది లేస్తది గద. గప్పుడే అవతలోళ్లు నలభై మంది ఎదురు కొండ మీదికెల్లి దుర్బీన్‌లల్ల సూసిన్రు. వాళ్లకేం కనపడ్డది? రెండు తలకాయలు, ఆరు కాళ్లు, అండ్ల నాలుగు గాలిల ఊగుతున్నయి, గుర్రు పెట్టుకుంట కొండ ఎక్కుతాంది! తుపాకులు గాడ్నే పడేసి ఉరికిన్రు. వాళ్లల్ల కొందరు ఇంక ఉరుకుతనే ఉన్నరంట. నేను చౌకీ చేరేసరికి పైకెల్లి మంచు జారవట్టింది. కింద క్యాంపుల మూడొందల మంది పండుకున్నరు. ఏం చెయ్యాలె? వీపు అడ్డం పెట్టిన. కొండంత మంచును రెండు రోజులు వీపుతోని ఆపిన.”

“ఆ రెండు రోజులు గాడిద ఏం చేసింది?”

“ఇంక లేవలే.”

ఈసారి అందరు నవ్విన్రు. మణెమ్మ సుత నవ్వి, పొంగుతున్న పాలు దించింది. హరిలాల్ నవ్వలే. మోకాలు ఇంకో చేత్తోని రుద్దుకున్నడు. ఆయన గొంతుల సంబురమేం లేదు. రోజూ తోలే ఎడ్లకు తొవ్వ ఎర్కున్నట్టు ముచ్చట దానంతట అదే పోతాంది, ఆయన ఎనుక నడుస్తున్నడు.

“ఇగ జనరల్ సాబ్ హెలికాప్టర్‌ల దిగిండు. తన టోపీ తీసి, ఇగ ఇది నీదే హరిలాల్ అన్నడు. వద్దు సార్, చెవుల మీదికి వస్తది అన్న. మరేం కావాల్నో అడుగు అన్నడు. చంపాకు బెల్లం ఇప్పియ్యున్రి అన్న. ఒక రైలు డబ్బా నిండ బెల్లం వచ్చింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? అవతలోళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. ఏమని? హరిలాల్‌ను ఆ కొండ మీదికెల్లి తీసేస్తెనే మాట్లాడ్తం, లేకుంటె ఇగ మాటల్లేవు అని.”

“అందుకే నిన్ను ఈ గేటు కాడ ఏసిన్రా బిడ్డా?” అన్నది మణెమ్మ.

“జనరల్ సాబే ఏసిండవ్వా. కేసముద్రం మక్కలు పైలం హరిలాల్, అన్నడు.”

శామ్యూల్ తొడ మీద కొట్టుకొని నవ్విండు. పాపయ్య గ్లాసు కింద పెట్టిండు. ఆయన ముఖంల ఏదో కొంచెం తేటపడ్డది. ఆయనకు ఈ ముచ్చట కొత్త. కోతలని తెలుస్తనే ఉన్నది గని, తెలిసినా నమ్మాల్నని ఉన్నది.

“గాడిద సంగతి ఎట్లున్నా అన్నా, నువ్వు మాత్రం మారినవ్ గద. వైర్లు కోసే పోరడు జనరల్ ముందల నిలబడ్డడు. మా సురేష్ సుత అట్ల అయితడంటవా?”

“ఎందుకు గాడు? పంపు. పోయినోడు పోయినట్టు రాడు. పులి అయి వస్తడు.”

“వాళ్లింట్ల పులి ఇప్పటికే ఉన్నది,” అన్నది గంగి.

కండ్లు తెరువలేదామె. గోడకు ఒరిగినట్టే ఉండి అన్నది. అందరు అటు తిరిగిన్రు. గంగి యార్డుల ఎక్కువ మాట్లాడది. తమ్ముడు కోతలు కోస్తుంటె ఎన్నడు అడ్డం రాలేదు.

“ఇంకో పులి ఎందుకు?” అన్నది. “నుదురు మీద నాలుగు కుట్లు పడ్డ ఆడామెకు పులిని పంపుతవా నువ్వు?”

“అక్కా, ఊకనే ముచ్చట…”

“ఖచ్చర్‌ను నువ్వు మొయ్యలే. అదే నిన్ను తన్నింది.” గంగి కండ్లు తెరిచింది. “ఆ మోకాలు దాని పుణ్యమే. నాలుగు నెలలు దవాఖానల ఉన్నవ్. ఉత్తరం రాస్తె బడి సార్ సదివి ఇనిపిచ్చిండు, తండా తండంత విన్నది. పదిహేడేండ్లల్ల ఒక్క మనిషి మీద తుపాకి కాల్చలే నువ్వు. ఇదంత నాకెర్కే. రోజూ వింట, ఊకుంట. నవ్వుకుంటరు తియ్యి అనుకుంట. గని ఈయన నవ్వుటానికి అడుగలే గద. కొడుకు సంగతి అడుగుతున్నడు.”

రేకు మీద చినుకుల చప్పుడు. ముసురులనే ఒక లారీ గేటు కాడ ఆగి హారన్ కొట్టింది. ఇప్పుడు డ్యూటీల ఉన్నోడు పోయి తీసిండు.

హరిలాల్ మొగులు దిక్కు సూసిండు. తర్వాత చేతుల దిక్కు సూసిండు.

“నిజమే పాపయ్యన్నా,” అన్నడు. గొంతు తగ్గింది. “ఉరుకుట్ల ఫస్టు రాలే. పాస్ అయినోళ్లల్ల ఆఖరోన్ని నేనే. గీత దాటి వాంతి చేసుకున్న. తుపాకి పట్టే సిపాయిగ తీసుకోలే, ఖచ్చర్లు తోలే పనికి తీసుకున్నరు. కొండ మీదికి సామాను మోసుడు, లద్ది ఎత్తుడు, నాలుగింటికి లేచి దాన పెట్టుడు. గదే నా కొలువు. చంపా మాత్రం నిజం.”

“మరి తన్నుడెందుకు?” మణెమ్మ మెల్లగ అడిగింది.

“నేను కొట్టిన గనుక. కొండ ఎక్కుతుంటె ఆగింది. నిజంగనే ఆగింది. ఎనుక పదిహేను ఖచ్చర్లు వరుసల ఆగినయి, అందరు నన్ను తిడుతున్నరు. నాకు కోపమొస్తె ఏం చేస్తనో మా తండాల అందరికి ఎర్కే. చేతుల ఇనుప గొలుసున్నది. దాని ముఖం మీద కొట్టిన. ఒకటి కాదు. ఎన్నో నాకు సోయి లేదు. అది తిరిగి ఒక్కటే తన్నింది. మోకాలు చిప్ప పగిలింది.”

హరిలాల్ ఛాయ్ అడిగిండు. మణెమ్మ పోసి ఇచ్చింది. ఆయన తాగలే.

“దవాఖానల పండుకొని ఒక్కటే అనుకున్న. లేచి నడువవస్తె ముందు దాన్ని సంపుత అని. నాలుగు నెలలకు మల్ల పోయిన. శిక్ష ఏస్తరు, ఇంటికి పంపుతరు అనుకున్న. ఖచ్చర్ల పని నేర్పే మా ఉస్తాద్ కొండ పల్లెల ముసలాయన, బిష్ట్ అని. ఇంకో ఏడాదైతె రిటైర్ అయితడు. నన్ను తోలుకపోయి చంపా కాడ నిలబెట్టిండు. జీను కింద వీపు సూపిచ్చిండు. గీంత పొడుగు మచ్చ, మానిన పుండుది. బరువు కట్టే తోలుపట్టీ మెలివడి లోపలికి కోసుకపోయిందంట. అందుకే ఆనాడు ఆగింది. ఆ పట్టీ ఎవడు కట్టిండని అడిగిండు.”

“నువ్వే,” అన్నడు పాపయ్య.

“నేనే కట్టిన. పొద్దుగాల నేనే కట్టి, నడువలేదని పగటీలి నేనే కొట్టిన. ఉస్తాద్ నన్ను తిడుతడనుకున్న. తిట్టలే. రోజూ రెండు గంటలు ఇక్కడ నిలబడు, చేతులు ఎనుకకు పెట్టుకో, ఏం చెయ్యకు అన్నడు. గంతే. నేను దగ్గరికి పోతె చంపా తాడు తెంపుకునేటంత గుంజుకునేది. నిలబడ్డ. చలికి వేళ్లు మొద్దుబారేటివి. ముసలాయన నన్ను నిలబెట్టి పోవచ్చు గద, పోకపోయేది. బకెట్ బోర్లేసి దాని మీద కూసొని తెగిన తాళ్లు కుట్టుకునేది. ఏం మాట్లాడకపోయేది. మా నాయిన కట్టె లేకుంట నా పక్కన కూసున్న రోజు నాకు యాదికి లేదు. ఈయన ఎవడో, ఎక్కడి ముసలోడో, ఇరవై రెండు రోజులు కూసున్నడు. ఇరవై మూడో రోజు చంపా వచ్చి నా భుజం మీద తల ఆనిచ్చింది.”

“గప్పుడేం చేసినవ్?”

“ఏడ్చిన,” అన్నడు హరిలాల్. “ఉస్తాద్ దారం కొరికి లేచి, ఇగ దాన పెట్టు అని పోయిండు.”

శామ్యూల్ తల వంచుకొని బెంచీ చెక్కను గోటితోని గీకుతున్నడు.

“ఏడ్చింది చంపా కోసం కాదన్నా,” అన్నడు. గంగి దిక్కు సూడలే. “భర్తీకి పోయే మూడు నెలల ముందు మా అక్క చెయ్యి ఇరగ్గొట్టిన. వైర్ల బస్తా దాసిపెట్టిందని. రోకలితోని కొట్టిన. గట్టు మీదికెల్లి పడ్డదని తండాల చెప్పిన. ఆమె సుత గట్లనే చెప్పింది. అది సక్కగ అతకలే. ఇప్పటికి ఆ చెయ్యి తలదాంక ఎత్తరాదు. మక్కల బస్తా ఎత్తిపియ్యమని పొద్దున నన్ను పిలిచింది, అందుకే.”

మణెమ్మ పొయ్యి మంట తగ్గిచ్చింది.

“ఇరవై ఐదేండ్లయింది,” అన్నది గంగి. “ఇయ్యాల చెప్పినవ్.”

“చెప్పిన.”

గంగి ఎడమ చెయ్యి కొంగు కిందికి తీసుకున్నది. పాపయ్య దిక్కు తిరిగింది. “మొదటిసారి సెలవు మీద వచ్చిండు సూడన్నా. వస్తున్నడని ఎవరో చెప్పిన్రు. అప్పటికి నేను తల్లిగారింట్లనే ఉన్న. నాకు బుగులైంది. మా బిడ్డ చిన్నది. దాన్ని పక్కింట్ల ఇడిసిపెట్టిన. కొడితె నన్నే కొట్టనియ్యి అని. వచ్చిండు. పెట్టె నెత్తి మీద ఉన్నది, కాలు కుంటుతున్నడు. వాకిట్ల నిలబడ్డడు. లోపలికి రావొచ్చునా అక్కా, అని అడిగిండు. మా ఇంట్ల మొగోళ్లు ఎవ్వలు అట్ల అడిగింది లేదు. నాకేం చెప్పాల్నో సమజ్ కాలే. చాలాసేపు చెప్పలే. చెప్పేదాంక వాకిట్లనే నిలబడ్డడు. ఆనాడు ఎండ బాగున్నది. కోతలన్నీ ఇడిసిపెట్టు, గిదొక్కటి నేను కండ్లతోని సూసిన.”

పాపయ్య గ్లాసుల ఛాయ్ మీగడ కట్టింది. ఆయన వేలుతోని దాన్ని పక్కకు తీసిండు.

“అయితె పంపుమంటవా?” అన్నడు ఆఖరికి.

“నాకు తెల్వదు,” అన్నడు హరిలాల్. “నిజంగ తెల్వదు పాపయ్యన్నా. నాతోని ఆ లారీల పోయినోళ్లు ఐదుగురం భర్తీ అయినం. ఒకడు టేనింగ్‌లనే పారిపోయిండు. ఒకడు పింఛను మొత్తం తాగుతడు, పెండ్లాం తల్లిగారింట్ల ఉంటది. ఒకడు మంచోడే, వాడు ముందుగాల నుంచే మంచోడు. మిల్ట్రీ ఏం చేస్తది? నాలుగింటికి లేపుతది. ఉరికిస్తది. బూట్లు తుడిపిస్తది. దోస్తుల నుంచి దూరం తీసుకపోతది, గది మాత్రం మంచిదే. కోపమొచ్చినోనికి కోపం పొయ్యేటట్టు చేసే మందేదీ వాళ్ల కాడ లేదు. నాకు ఆ ముసలాయన దొరికిండు. ఆయన దొరకకుంటె తుపాకి లేని తాగుబోతుగ వచ్చేటోన్ని. నీ కొడుకుకు ఎవరు దొరుకుతరో నేనెట్ల చెప్పాలె? ఇప్పుడు నాలుగేండ్లే ఉంచుకుంటరంట ఎక్కువమందిని.”

“నాలుగేండ్లైనా వాళ్లమ్మ నిమ్మలంగ ఉంటది గద.”

“ఉంటది. అది చిన్న సంగతేం గాదు.” హరిలాల్ కాలు మడిచి ముందుకు వంగిండు. “ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. వాన్ని నువ్వు కొడ్తవా?”

పాపయ్య ముఖం ఎర్రగైంది. “కొట్టని నాయిన ఎవడున్నడన్నా?”

“దేంతోని?”

పాపయ్య గేటు దిక్కు తిరిగిండు. అక్కడ ఒక ముసలామె టార్పాలిన్ మీద నిలిచిన నీళ్లను చీపురుతోని ఊడుస్తాంది.

“చేతికి ఏది దొరికితె దాంతోని,” అన్నడు. “ఠాణా నుంచి తెచ్చిన రోజు మోటర్ వైరుతోని కొట్టిన. వాడు అరువలే. కొట్టినంతసేపు నన్నే సూసిండు. ఇరవై ఏండ్ల పోరడు. అడ్డం పెట్టుకుంటె నన్ను ఎత్తి పారెయ్యగలడు. పెట్టుకోలే. ఆ తర్వాత నాలుగు రోజులకే వాళ్లమ్మను నూకిండు.”

మణెమ్మ చల్లారిన గ్లాసు తీసుకపోయి, ఏడి ఛాయ్ పోసి తెచ్చి పాపయ్య ముందల పెట్టింది.

“భర్తీకి ఎన్ని రోజులున్నది?” హరిలాల్ అడిగిండు.

“రెండు నెలలు.”

“పోనియ్యి, పోకపోనియ్యి. ఈ రెండు నెలలు వాని మీద చెయ్యి ఎత్తకు. నాకు తెలిసింది గదొక్కటే. పదిహేడేండ్లల్ల గదొక్కటే నేర్చుకొచ్చిన.”

పాపయ్య తల ఊపిండు. ఊపి, కొంచెంసేపటికి మల్ల ఊపిండు. ఛాయ్ రెండు గుక్కలల్ల తాగి, తువ్వాలతోని మూతి తుడుచుకున్నడు.

“నా మాట వాడు వినడు అన్నా. నేను నోరు తెరుస్తనే బయటికి పోతడు. ఆదివారం నువ్వొక్కసారి మా ఊరికి రా. జనరల్ సంగతి వద్దు. ఆ పట్టీ సంగతి చెప్పు. వాకిట్ల నిలబడ్డది చెప్పు. వింటడో లేదో. నువ్వైతె చెప్పు.”

“వస్త. వస్త గని, మా అక్క సుత రావాలె.”

“నేనెందుకురా?” అన్నది గంగి. “నా మక్కలు ఇంక కాంటా కాలే. ఆదివారమన్న జర నడుము వాల్చనియ్యవా?”

హరిలాల్ లేచి నిలబడ్డడు. మోకాలు పట్టేస్తె బెంచీ పట్టుకున్నడు.

“ఎదురుంగ ఇరవై ఏండ్ల పోరడు కూసుంటడు. నన్ను మిల్ట్రాయిన అని సూస్తడు. గొలుసుతోని కొట్టిన, నిలబడి ఏడ్చిన అని చెప్పుడు నాతోని గాదక్కా. ఇయ్యాలంటె నువ్వు నోరు తెరిచినవ్ గనుక చెప్పిన. నువ్వు పక్కన లేకుంటె నేను మల్ల ఆ కోతల కొండ మీదికే పోత.”

యార్డు లోపలికెల్లి ఎవరో కేకేసిండు. కాంటా పెడుతున్నరని, ముందల వచ్చినోళ్ల కుప్పలు ఇప్పాల్నని. బెంచీల మీదున్నోళ్లు నడుములు పట్టుకొని లేచిన్రు. గంగి కొంగు నెత్తి మీద సర్దుకొని లేచింది. రెండడుగులు పోయి ఆగింది.

“పొద్దుగాల ఏడింటి బస్సుకు పోదాం,” అన్నది. “మాపటికల్ల తిరిగి రావాలె.”